పన్నెండు పేజీల పేపరు జర్నల్‌కు వెళ్లినప్పుడు: ఒక గెస్ట్ ఎడిటర్ కేస్ స్టడీ

కంప్యూటర్ సైన్స్‌లో, ముఖ్యంగా అల్గారిథమ్‌ల రంగంలో, ఎస్‌టీఓసీ, ఎఫ్‌ఓసీఎస్ లాంటి సమావేశాల్లో పేపరు ఆమోదం పొందడమే పెద్ద గుర్తింపు. జర్నల్ రూపం తర్వాత ఎప్పుడో వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు. గణితంలో అలా కాదు. పూర్తి నిరూపణతో, రిఫరీ (జర్నల్ తరఫున పేపరును పరిశీలించే నిపుణులు) చదివిన రూపంలో జర్నల్‌లో వచ్చేదాకా ఫలితం పూర్తిగా తేలినట్టు సాధారణంగా లెక్కించరు. వివిక్త గణితం, గ్రాఫ్ సిద్ధాంతం ఈ రెండు సంప్రదాయాల సరిహద్దులో ఉంటాయి కాబట్టి పేచీలన్నీ ఇక్కడే పుడతాయి.

మన దేశంలో ఈ దారికి బాగా తెలిసిన ఉదాహరణ క్యాల్డమ్ సమావేశం. 2015లో ఐఐటీ కాన్పూర్‌లో మొదలైంది, 2020లో ఐఐటీ హైదరాబాద్‌లో కూడా జరిగింది. దాని పేపర్లు స్ప్రింగర్ వారి లెక్చర్ నోట్స్ ఇన్ కంప్యూటర్ సైన్స్ వరుసలో వస్తాయి. ఎంపికైన కొన్నింటి పూర్తి రూపాలు డిస్క్రీట్ అప్లైడ్ మ్యాథమెటిక్స్ జర్నల్ ప్రత్యేక సంచికల్లో వచ్చాయి. నేను ఇక్కడ రాస్తున్నది దాని గురించి కాదు. అదే పద్ధతిలో ఆంధ్రప్రదేశ్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన, అంతకంటే చిన్న సమావేశం గురించి. అది ముగిశాక ఒక అంతర్జాతీయ జర్నల్ ప్రత్యేక సంచికకు ఒప్పుకుంది. ఇద్దరు గెస్ట్ ఎడిటర్లలో నేను ఒకరిని.

రచయితలను గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. పేపరులోని అసలు సమస్యను కూడా తీసేసి, అదే తరహా లోపం అదే చోట దాక్కునే సరళమైన సమస్యను దాని స్థానంలో పెట్టాను. గణితం మాత్రం నిజమైనదే. పాఠకులు కాగితం తీసుకుని సరిచూసుకోవచ్చు.

ప్రత్యేక సంచిక ఎలా నడుస్తుంది

సమావేశంలో చదివిన ప్రతి పేపరూ ప్రత్యేక సంచికలోకి వచ్చేస్తుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. రిజిస్ట్రేషన్ ఫీజులో అది కూడా కలిసే ఉందని అనుకునేవారు కూడా లేకపోలేదు. నిజానికి గెస్ట్ ఎడిటర్లు చేసేది పిలవడం, రిఫరీలను వెతకడం, సిఫారసు చేయడం వరకే. తుది నిర్ణయం జర్నల్ ప్రధాన ఎడిటర్‌ది. మామూలు పేపరుకు ఎంత పరిశీలన జరుగుతుందో దీనికీ అంతే జరుగుతుంది. గెస్ట్ ఎడిటర్ స్వయంగా రాసిన పేపరు గానీ, తన విద్యార్థి రాసిన పేపరు గానీ వస్తే దాన్ని ఇంకొకరు చూస్తారు. మాకు వచ్చిన పేపర్లలో సగం కూడా చివరిదాకా నిలవలేదు.

రచయితలను మేము మొదట అడిగిన ప్రశ్న గణితం గురించి కాదు. సమావేశం తరఫున ఏది అచ్చయింది, దాని కోసం మీరు ఏ కాగితం మీద సంతకం పెట్టారు అని. సమావేశం రోజున చేతికిచ్చే సావనీర్‌లో వచ్చిన సారాంశం వేరు, ఐఎస్‌బీఎన్ ఉన్న సంపుటంలో పూర్తి పేపరుగా రావడం వేరు. సారాంశంగా, ఉపన్యాసంగా, థీసిస్‌లో భాగంగా వచ్చినదాన్ని ముందస్తు ప్రచురణగా లెక్కించబోమని ఎల్సెవియర్ జర్నళ్ల సూచనల్లోనే ఉంటుంది. కాబట్టి సావనీర్ సారాంశం గురించి భయపడనక్కర్లేదు. సంపుటంలో పేపరు వచ్చి ఉంటే మాత్రం దాన్ని చెప్పి తీరాలి, కొత్తగా ఏమి చేర్చారో చూపాలి. కాపీరైట్ బదిలీ పత్రంలో విస్తరించిన రూపాన్ని మరోచోట ప్రచురించే హక్కు రచయితకు మిగిలిందో లేదో కూడా చదువుకోవాలి. ఆ పత్రాన్ని సంతకం పెట్టే ముందు చదివినవారిని నేను చాలా తక్కువమందిని చూశాను.

ఇక మూడో రకం ఉంది. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ ప్రచురించే కాంటెంపరరీ మ్యాథమెటిక్స్ సమావేశ సంపుటాల్లో పాత పేపర్ల మొదటి పేజీ అడుగున ఒక వాక్యం కనిపిస్తుంది: ఈ పేపరు తుది రూపంలో ఉంది, దీని ఏ రూపమూ మరోచోట ప్రచురణకు పంపబడదు అని. మరికొన్నింటిలో దానికి పూర్తిగా విరుద్ధమైన వాక్యం ఉంటుంది, వివరమైన రూపం వేరేచోట వస్తుందని. ఆ ఒక్క వాక్యంతో రచయితకూ, తర్వాతి ఎడిటర్‌కూ, సమీక్షలు రాసే డేటాబేస్‌కూ విషయం తేలిపోయేది. మన సమావేశాల నిర్వాహకులు బ్యానర్ మీద పెట్టే శ్రద్ధలో కొంత ఈ వాక్యం మీద పెడితే నాలాంటివాళ్ల పని సగం తగ్గుతుంది.

చేతికొచ్చిన పేపరు

రచయితలు ముగ్గురు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న అధ్యాపకుడు, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థిని, హైదరాబాద్‌లోని ఒక ఇంజినీరింగ్ కళాశాల అధ్యాపకుడు. సమావేశ సంపుటంలో పేపరుకు పన్నెండు పేజీల పరిమితి. వీళ్ల పేపరు సరిగ్గా పన్నెండు పేజీలే ఉంది.

విషయం రోమన్ డామినేషన్. కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలపు సైన్యాల అమరికను ఇయాన్ స్టీవర్ట్ 1999లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో పజిల్‌గా రాశారు. 2004లో కాకేన్, ఆయన సహరచయితలు దాన్ని గ్రాఫుల భాషలో పెట్టి డిస్క్రీట్ మ్యాథమెటిక్స్‌లో ప్రచురించారు. గ్రాఫు అంటే కొన్ని బిందువులు (శీర్షాలు), వాటిలో కొన్ని జతలను కలిపే గీతలు (అంచులు). గ్రాఫులోని ప్రతి శీర్షానికీ 0, 1, 2లలో ఒక అంకె ఇవ్వాలి. అది ఆ ఊళ్లో ఉంచిన దళాల సంఖ్య. 0 ఉన్న ప్రతి శీర్షానికీ పక్కనే కనీసం ఒక 2 ఉండాలి. అప్పుడే ఒక దళం సాయానికి కదిలినా సొంత ఊరు ఖాళీ కాదు. మొత్తం దళాలు వీలైనంత తక్కువగా ఉండాలి. ఆ కనిష్ఠ మొత్తమే రోమన్ డామినేషన్ సంఖ్య. మామూలు డామినేషన్ సంఖ్య ఇంకా తేలిక: కొన్ని శీర్షాలను ఎంచుకుంటే మిగిలిన ప్రతి శీర్షమూ వాటిలో ఏదో ఒకదాని పక్కన ఉండాలి, అలాంటి సమితుల్లో అతి చిన్నదాని పరిమాణం అది.

ఎన్ శీర్షాలున్న ఒక గ్రాఫును తీసుకుని, ప్రతి శీర్షానికీ కొన్ని వేలాడే శీర్షాలను (ఒకే అంచుతో తగిలి ఉండేవాటిని) తగిలిస్తే వచ్చే పెద్ద గ్రాఫులో రోమన్ డామినేషన్ సంఖ్య ఎంత? ఇదీ వీళ్ల ప్రశ్న. మూడో సిద్ధాంతం: ప్రతి శీర్షానికీ రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ వేలాడే శీర్షాలుంటే జవాబు 2ఎన్. నిరూపణ అరపేజీ, సరిగ్గా ఉంది. నాలుగో సిద్ధాంతం: ఒక్కొక్కటే తగిలించినా జవాబు 2ఎన్. నిరూపణ దగ్గర ఒకే వాక్యం: “అదే విధంగా చూపవచ్చు, వివరాలు పూర్తి రూపంలో.”

జర్నల్‌కు పంపిన రూపం ఇరవై ఆరు పేజీలు. ఉపోద్ఘాతం ఒక పేజీ నుంచి నాలుగు పేజీలైంది. ఉటంకించిన పేపర్ల జాబితా పద్నాలుగు నుంచి నలభై దాటింది. బొమ్మలు చేరాయి. మూడు పేజీల ‘అనువర్తనాలు’ వచ్చాయి, సెల్‌ఫోన్ టవర్ల నుంచి అగ్నిమాపక కేంద్రాల దాకా. నాలుగో సిద్ధాంతం కింద వాక్యం మాత్రం కొద్దిగా మారింది: “అదే విధంగా చూపవచ్చు.”

పూర్తి రూపంలో వివరాలు ఇస్తామన్న మాట ఆ పూర్తి రూపంలోంచి తీసేశారు. మిగతాదంతా పెంచారు. కాన్ఫరెన్స్ పేపరును జర్నల్‌కు విస్తరించడమంటే మన దగ్గర చాలామందికి అర్థమయ్యేది ఇదే. కనీసం ముప్పై శాతం కొత్త విషయం ఉండాలన్న నియమం చాలాచోట్ల వినిపిస్తుంది కాబట్టి పేజీలు కొలుస్తారు. గణితంలో ఆ ముప్పై శాతాన్ని ముందుగా నింపాల్సింది కాన్ఫరెన్స్ రూపంలో వదిలేసిన నిరూపణలతో. అవి నిండాక ఇంకేమీ చేర్చకపోయినా నాకు అభ్యంతరం ఉండదు. అవి లేకుండా టవర్ల గురించి ముప్పై పేజీలు రాసినా ప్రయోజనం లేదు.

రిఫరీకి వెళ్లకముందే తిప్పి పంపిన సంగతులు

మొదటిసారి ఈ పేపరును నేను రిఫరీకి పంపలేదు. కారణాలు మూడు.

కవర్ లెటర్ మూడు వాక్యాలది. ప్రతిష్ఠాత్మకమైన మీ జర్నల్‌లో ప్రచురించవలసిందిగా ప్రార్థన, ఇది మా సొంత కృషి, మరెక్కడా ప్రచురించలేదు. మూడోది నిజం కాదు. సంపుటం అప్పటికే వచ్చింది. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం వాళ్లకు లేదని నాకు తెలుసు. ఎక్కడో దొరికిన నమూనా ఉత్తరాన్ని దించేశారు, అంతే. కానీ ఎడిటర్ ముందున్నది ఉద్దేశం కాదు, సంతకం చేసిన వాక్యం.

పేరు మార్చారు. కాన్ఫరెన్స్ పేపరు పేరులో ‘కరోనా గ్రాఫులు’ (వేలాడే శీర్షాలు తగిలించగా వచ్చే గ్రాఫులు) అని ఉంటే ఇక్కడ ‘కొన్ని గ్రాఫు క్రియలు’ అని పెట్టారు. వయసు దాచి సంబంధం కుదుర్చుకున్నట్టు, ఇలాంటిది తర్వాత తెలిసినప్పుడే గొడవ. ఈ రంగంలో పద్ధతి ఏమిటంటే, అదే పేరు ఉంచి మొదటి పేజీ అడుగున ‘దీని ప్రాథమిక రూపం ఫలానా సమావేశ సంపుటంలో వచ్చింది’ అని రాయడం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పెద్ద పెద్ద ఫలితాలు ఎన్నో అలాగే వచ్చాయి.

మూడోది నాకు ఎక్కువ చిరాకు తెప్పించింది. జర్నల్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సారూప్య నివేదికలో వాళ్ల సొంత కాన్ఫరెన్స్ పేపరుతో పోలిక ఎక్కువగా కనిపించింది. అది సహజం, దానితో నాకు పేచీ లేదు. అయితే ఆ విద్యార్థిని ముందుగానే తన విశ్వవిద్యాలయం సాఫ్ట్‌వేర్‌లో చూసుకుని, శాతం తగ్గించడానికి వాక్యాలు మార్చింది. నిర్వచనాలు కూడా. ‘0 ఉన్న ప్రతి శీర్షానికీ పక్కన కనీసం ఒక 2 ఉండాలి’ అన్నది ‘2 ఉన్న శీర్షాలు 0 ఉన్న శీర్షాల పక్కన ఉంటాయి’ అయింది. మాటలు దాదాపు అవే, అర్థం తలకిందులు. కొత్త వాక్యం ప్రకారం ఎక్కడో మూల 0 ఉండి, దాని పక్కన 2 లేకపోయినా చెల్లిపోతుంది. ఆ నిర్వచనంతో తర్వాతి సిద్ధాంతాలేవీ నిలబడవు.

ఆమెను తప్పుపట్టలేను. రచనాచౌర్యం మీద యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లో పోలిక పది శాతం దాటితే మొదటి స్థాయి, నలభై దాటితే రెండో స్థాయి, అరవై దాటితే మూడో స్థాయి అన్న మెట్లే విద్యార్థుల మనసులో నాటుకుపోయాయి. అవే నిబంధనలు ప్రామాణిక సంకేతాలను, సమీకరణాలను లెక్క నుంచి మినహాయించాయి. పద్నాలుగు వరుస పదాల వరకు కాకతాళీయమైన పోలికను కూడా వదిలేయమన్నాయి. ఆ భాగం ఎవరూ చదివి చెప్పరు. యూజీసీ 2020 ఏప్రిల్‌లో సొంత రచనల పునర్వినియోగం గురించి ఇచ్చిన ప్రకటన తప్పుపట్టేది కూడా, తగిన ఉటంకింపు లేకుండా పాతదాన్ని కొత్తదిగా చూపడాన్ని. పాతదని చెప్పి వాడుకోవడం వేరే సంగతి. ఆమెకు నేను రాసింది ఇంతే: నిర్వచనాలను 2004 పేపరులో ఉన్నట్టే పెట్టండి, మీ కాన్ఫరెన్స్ పేపరును ఉటంకించండి, శాతం సంగతి నాకు వదిలేయండి.

కొత్త కవర్ లెటర్‌లో ఏముండాలో కూడా చెప్పాను. కాన్ఫరెన్స్ రూపం ఎక్కడ, ఏ పేజీల్లో వచ్చింది; అందులోని ఏ సిద్ధాంతాలు ఇందులో ఉన్నాయి; ఏ నిరూపణలు మొదటిసారి పూర్తిగా వస్తున్నాయి; ఏ ఫలితాలు కొత్తవి; కాపీరైట్ ఎవరిది. దాంతోపాటు కాన్ఫరెన్స్ పేపరు పీడీఎఫ్ కూడా జతచేయమన్నాను, రిఫరీ వెతుక్కోనక్కర్లేకుండా.

నాలుగు శీర్షాల దారి

రెండోసారి వచ్చినప్పుడు నాలుగో సిద్ధాంతానికి నిరూపణ ఉంది. మూడో సిద్ధాంతపు నిరూపణను తీసుకుని ‘రెండు’ అన్నచోటల్లా ‘ఒకటి’ పెట్టారు. ఇద్దరు రిఫరీలకు పంపాను. మొదటివారు రెండు నెలల్లో అరపేజీ రాసి పంపారు: బాగుంది, భాష సరిచేయాలి, ఈ ఐదు పేపర్లను ఉటంకించాలి. ఆ ఐదింటిలో నాలుగింటికి రచయిత ఎవరో ఊహించడం కష్టం కాదు. అలాంటి నివేదికను నేను రచయితలకు పంపుతాను గానీ నిర్ణయానికి దాని మీద ఆధారపడను.

రెండోవారు ఏడు నెలలు తీసుకున్నారు. గణిత జర్నళ్లకు ఇది ఆలస్యమేమీ కాదు. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ నోటీసెస్ పత్రికలో జర్నళ్లలో పేరుకుపోయిన పేపర్ల గురించి వేసిన పట్టికలు చూసినవారికి అది తెలిసే ఉంటుంది. ఆ నివేదిక మొదటి పేరా సారాంశం ఇది: రెండు శీర్షాలు, వాటి మధ్య ఒక అంచు తీసుకోండి. ఒక్కోదానికి ఒక్కో వేలాడే శీర్షం తగిలించండి. నాలుగు శీర్షాల దారి వస్తుంది. వరుసగా 0, 2, 0, 1 పెట్టండి. షరతు తీరింది, మొత్తం 3. సిద్ధాంతం ప్రకారం 4 కావాలి.

తేడా ఎక్కడంటే, ఒక శీర్షానికి రెండు వేలాడే శీర్షాలుంటే ఆ గుంపుకు కనీసం 2 ఖర్చవుతుంది. మధ్య శీర్షానికి 2 ఇవ్వాలి, లేదా రెండు కొసలకూ చెరో 1 ఇవ్వాలి. ఒక్కటే వేలాడుతుంటే ఆ జంటకు 1 సరిపోవచ్చు: కొసకు 1, మధ్య శీర్షానికి 0. అప్పుడు మధ్య శీర్షాన్ని కాపాడే 2 పక్క జంట నుంచి రావాలి. అంటే అసలు గ్రాఫులోని అంచులు ఇక్కడ లెక్కలోకి వస్తాయి. మూడో సిద్ధాంతంలో వాటి పాత్రే లేదు. ఒకటి మరొకదానిలాగే నడవడానికి ఆస్కారమే లేదు.

నష్టం కూడా చిన్నది కాదు. ఏదో ఒక వింత గ్రాఫు దగ్గర తప్పితే మినహాయింపు పెట్టి సరిపుచ్చుకోవచ్చు. ఇక్కడ ఒక్క అంచు ఉన్నా సిద్ధాంతం తప్పే. ఒంటరి శీర్షాలు (ఏ అంచూ తగలనివి) లేని గ్రాఫుకు డామినేషన్ సంఖ్య ఎన్‌లో సగాన్ని మించదన్నది ఓరె 1962 నాటి ఫలితం. దాన్ని వాడితే సరైన జవాబు (అది కింద వస్తుంది) ఒకటిన్నర ఎన్‌ను మించదు. పేపరు చెప్పింది రెండు ఎన్.

ఇది పన్నెండు పేజీల పరిమితి చేసిన పని. కాన్ఫరెన్స్ కమిటీ సభ్యులు మూడో సిద్ధాంతపు నిరూపణ చదివి, బాగుందనుకుని, నాలుగోది దాటేశారు. చదవడానికి అక్కడ ఏమీ లేదు మరి. రచయితలు కూడా దాన్ని ఎప్పుడూ రాయలేదు, రాయాల్సిన అవసరం రాలేదు. జర్నల్ కోసం మొదటిసారి రాయమన్నప్పుడు రాసి చూసుకోకుండా అతికించారు. కనీసం ఒక్క అంచు ఉన్న గ్రాఫు ఎంత చిన్నదైనా సరే, చేత్తో వేసి చూసుకుంటే బయటపడేది.

సవరణ

పెద్ద సవరణలు కావాలని నిర్ణయం పంపాను. తిరస్కరించే అవకాశం కూడా ఉంది, నా సహ ఎడిటర్ అదే అన్నారు. మూడో సిద్ధాంతం నిలబడింది కాబట్టీ, నాలుగోదాని సరైన జవాబు మరింత ఆసక్తికరంగా ఉంటుందని రెండో రిఫరీ సూచించారు కాబట్టీ నేను గడువు ఇవ్వాలన్నాను.

విద్యార్థిని ఆ సూచనను పట్టుకుని పనిచేసింది. ఒక్కొక్క వేలాడే శీర్షం ఉంటే జవాబు ఎన్‌కు అసలు గ్రాఫు డామినేషన్ సంఖ్యను కలిపితే వచ్చేది అని తేల్చింది. నిరూపణ ఇలా సాగుతుంది: ప్రతి జంటకు కనీసం 1 ఖర్చు తప్పదు. 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఖర్చయిన జంటలను పక్కన పెట్టండి. మిగిలిన ప్రతి జంటలో మధ్య శీర్షానికి 0 ఉంది, దాన్ని కాపాడే 2 పక్కన పెట్టినవాటిలోనే ఉండాలి. కాబట్టి పక్కన పెట్టిన జంటల మధ్య శీర్షాలు అసలు గ్రాఫును డామినేట్ చేస్తాయి. వాటి సంఖ్య డామినేషన్ సంఖ్య కంటే తగ్గదు. ఎదురు దిశ తేలిక: అతి చిన్న డామినేటింగ్ సమితిలోని శీర్షాలకు 2, వాటి కొసలకు 0, మిగతా శీర్షాలకు 0, వాటి కొసలకు 1.

అక్కడితో ఆగలేదు. కొన్ని శీర్షాలకు ఒకటే, కొన్నింటికి రెండో మూడో వేలాడుతుంటే ఏమవుతుందని అడిగింది. జవాబు ఒకే వాక్యంలో వచ్చింది: రెండు గానీ ఎక్కువ గానీ వేలాడుతున్న శీర్షాలన్నింటినీ తనలో ఉంచుకున్న డామినేటింగ్ సమితుల్లో అతి చిన్నదాని పరిమాణానికి ఎన్ కలపండి. అలాంటి శీర్షాలేవీ లేకపోతే సరిచేసిన నాలుగో సిద్ధాంతం, అన్నీ అలాంటివే అయితే పాత మూడో సిద్ధాంతం. రెండు సిద్ధాంతాలు ఒకదాని రెండు కొసలని తేలింది. పేపరు గుండెకాయ ఇదే అయింది. టవర్ల పేజీలు వాటంతట అవే పోయాయి. చివరి రూపం పంతొమ్మిది పేజీలు.

కొత్త సూత్రం వల్ల రోమన్ డామినేషన్ సంఖ్య కనుక్కోవడం ద్విభాజిత గ్రాఫుల్లో (శీర్షాలు రెండు గుంపులుగా ఉండి, అంచులన్నీ ఆ గుంపుల మధ్యే ఉండేవాటిలో) కూడా ఎన్‌పీ-కంప్లీట్ (వేగంగా పరిష్కరించే పద్ధతి తెలియని కఠిన సమస్య) అని వెంటనే వస్తుంది. దాన్ని వాళ్లు పెద్ద అక్షరాల్లో ప్రధాన ఫలితంగా చూపబోయారు. ఇది ముందే తెలిసిన విషయం, మరో నిరూపణగా మాత్రమే చెప్పండి అని రెండో రిఫరీ అడ్డుకున్నారు. అది సరైన సలహా. గణిత పేపర్ల సమీక్షల డేటాబేస్‌లైన మ్యాథ్‌సైనెట్‌లో గానీ జడ్‌బీమ్యాత్‌లో గానీ వెతికితే ఒక పూటలో తేలే విషయాన్ని కొత్తదిగా రాస్తే పేపరులో నిజంగా కొత్తగా ఉన్నదానిని కూడా ఎవరూ నమ్మరు.

గణితం తేలాక అసలు కష్టం మొదలైంది. సంపుటంలో వచ్చిన నాలుగో సిద్ధాంతం తప్పని జర్నల్ పేపరులో రాయాలి. మొదటి సవరణలో వాళ్లు దాన్ని దాటేశారు. పాతదాని ప్రస్తావన లేకుండా కొత్త సిద్ధాంతాన్ని పెట్టేశారు. రచయితల్లో పెద్దాయన, డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, ఫోను చేశారు.

“మేడం, మా పేపరు తప్పని మేమే రాసుకుంటే రేపు ప్రమోషన్ కమిటీ ముందు ఏమని చెప్పుకోవాలి?”

“సార్, మీరు రాయకపోతే ఎవరో ఒకరు రాస్తారు. అప్పుడు వాళ్ల పేపరు శీర్షికలోనే మీ పేర్లుంటాయి.”

“ఫుట్‌నోట్‌లో పెడితే సరిపోతుందా?”

“ఉపోద్ఘాతంలో పెట్టండి. రెండు వాక్యాలు చాలు.”

ఆ రెండు వాక్యాలు ఇలా తయారయ్యాయి: ఈ పేపరు ప్రాథమిక రూపంలోని నాలుగో సిద్ధాంతం సరైనది కాదు, నాలుగు శీర్షాల దారి దానికి ప్రత్యుదాహరణ. సరైన ప్రకటనను ఇక్కడ ఐదో సిద్ధాంతంగా ఇస్తున్నాం, లోపాన్ని చూపిన అజ్ఞాత రిఫరీకి కృతజ్ఞతలు. విద్యార్థిని ముందస్తు ప్రతులుంచే ఆన్‌లైన్ భాండాగారం ఆర్కైవ్‌లో పెట్టిన ప్రిప్రింట్‌ను కూడా కొత్త రూపంతో మార్చమన్నాను. అక్కడ పాత రూపం చెరిగిపోదు, కొత్త రూపం పక్కన చేసే వ్యాఖ్యలో ఏది మారిందో చెప్పాలి. థీసిస్‌లో నాలుగో అధ్యాయం పాత సిద్ధాంతం మీదే కట్టి ఉంది. అది అప్పటికి సమర్పించకపోవడం ఆమె అదృష్టం.

పేర్ల వరుస

ఇది పేపరు కంటే ఎక్కువ ఉత్తరాలు నడిపించిన విషయం. సంపుటంలో పెద్దాయన పేరు ముందుంది. గణితంలో అక్షర క్రమంలో రాయడం రివాజు. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ 2004లో దీని మీద ఒక ప్రకటన కూడా ఇచ్చింది, గణిత పేపర్లలో వరుసను బట్టి ఎవరి వాటా ఎంతో ఊహించవద్దని. అధ్యాపకుల నియామకాలు, ప్రమోషన్ల మీద మన యూజీసీ 2018లోనే తెచ్చిన వేరే నిబంధనల్లోని పాయింట్ల పట్టిక మాత్రం ముగ్గురు గానీ ఎక్కువ గానీ రాస్తే మొదటి రచయితకు, ప్రధాన రచయితకు లేదా ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే రచయితకు 70 శాతం, మిగతావారికి తలా 30 శాతం ఇస్తుంది. భౌతిక, రసాయన శాస్త్రాల ప్రయోగశాలలకు సరిపోయే పట్టిక ఇది. గణిత విభాగాల్లో దీనివల్ల ఇంటిపేరు ‘ఏ’తో మొదలైనవారి పంట పండుతుంది.

కొత్త ప్రధాన సిద్ధాంతం విద్యార్థినిది. చివరికి పేర్లు అక్షర క్రమంలో ఉంచి, ఉత్తరప్రత్యుత్తరాల రచయితగా ఆమెను పెట్టారు. ప్రతిపాదన పెద్దాయనదే. ఇందులో ఎడిటర్ పాత్ర ఒక్కటే: రచయితల వరుస మారితే ముగ్గురి సమ్మతీ రాతపూర్వకంగా తీసుకోవడం.

మరో రెండు పేపర్లు

అదే సంచికకు వచ్చిన మరొక పేపరును మేము చూస్తుండగానే ఉపసంహరించాల్సి వచ్చింది. రిఫరీగా అడిగినవారు అదే పేపరు తన దగ్గరే మరో జర్నల్ తరఫున ఉందని చెప్పారు. ఒక్కో చిన్న రంగంలో అలాంటి పేపరును చదవగలిగినవారు ప్రపంచం మొత్తం మీద ఇరవై ముప్పైమందే ఉంటారు. ఒకేసారి రెండుచోట్లకు పంపితే ఇద్దరు ఎడిటర్లూ అదే తలుపు తడతారు.

ఇంకొకటి ఫ్లూయిడ్ మెకానిక్స్ పేపరు. దాని ముందు రూపం జర్నల్ ఆఫ్ ఫిజిక్స్: కాన్ఫరెన్స్ సిరీస్‌లో వచ్చింది. పేరులో జర్నల్ ఉన్నా అది సమావేశ పేపర్ల వరుస. రచయిత దాన్ని జర్నల్ ప్రచురణగా చూపుతూ, మా దగ్గరికి అదే సమస్యను పరామితుల విలువలు మార్చి పంపారు. రేఖాచిత్రాలు కొత్తవి, సమీకరణాలు అవే. విస్తరణకు పరామితులు మార్చడం సరిపోదని రాసి తిప్పి పంపాం.

తర్వాత

గ్రాఫుల పేపరు రెండో సవరణ తర్వాత ఆమోదం పొందింది. మొదట పంపిన నాటి నుంచి ఏడాదిన్నర పైనే పట్టింది. ప్రత్యేక సంచిక అప్పటికి మూసేశారు కాబట్టి మామూలు సంచికలో వచ్చింది. పెద్దాయన మొదట నిరాశపడ్డారు. పాయింట్ల పట్టికలో రెండింటికీ తేడా లేదని చెప్పాక ఊరుకున్నారు. విద్యార్థిని థీసిస్ నాలుగో అధ్యాయం తిరగరాసి సమర్పించింది.

తర్వాతి సమావేశానికి పిలుపు రాసేటప్పుడు పన్నెండు పేజీల పరిమితి అలాగే ఉంచాం, సంపుటం ఖర్చు అలా ఉంది. అయితే వదిలేసిన ప్రతి నిరూపణనూ అనుబంధంగా పంపాలని, అది సంపుటంలో అచ్చవకపోయినా కమిటీ చదువుతుందని చేర్చాం. ఆమోదం ఉత్తరంలోనే, పూర్తి రూపాన్ని మరోచోట పంపుతారా లేక ఇదే తుది రూపమా అని అడిగి సంతకం తీసుకుంటున్నాం. పిలుపు చూసి, అనుబంధాలు మరీ ఎక్కువ అడుగుతున్నారని ఫిర్యాదు చేసినవారున్నారు. పంపిన పేపర్లు కూడా ఈసారి కొంచెం తగ్గాయి.

సంపుటం ప్రచురణకర్తకు రచయితలు సవరణ పత్రం పంపారు. ఆన్‌లైన్ పేజీలో అది చేరింది. అచ్చు ప్రతుల్లో నాలుగో సిద్ధాంతం 2ఎన్‌గానే ఉంది. వాటిలో ఎక్కువ భాగం సమావేశానికి వచ్చినవారి కళాశాలల లైబ్రరీల్లోనే ఉంటాయి కాబట్టి, ఆ సవరణ పత్రాన్ని ఒక్కో లైబ్రరీకి పోస్టులో పంపమని నిర్వాహకులకు రాశాను. కొన్ని కళాశాలలు అందినట్టు జవాబిచ్చాయి.